అరచేతిలో ఇమిడే కంప్యూటర్‌తో ఇంట్లోనే సొంత క్లౌడ్

ఫోన్‌లో తీసిన ఫొటో 'క్లౌడ్‌లోకి వెళ్లింది' అంటే ఆకాశంలోకి వెళ్లినట్టు కాదు. ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో, ఎవరిదో ఒక కంప్యూటర్‌కు తగిలించిన డిస్కు మీదికి దాని నకలు చేరింది, అంతే. ఆ డిస్కులో ఎంత జాగా ఇవ్వాలి, ఎంతకాలం ఉచితంగా ఇవ్వాలి అన్నది ఆ కంప్యూటర్ యజమాని ఇష్టం. గూగుల్ ఫొటోస్ సేవ కాస్త కుదించిన నాణ్యతలో ఎన్ని ఫొటోలనైనా ఉచితంగా దాచుకోనిచ్చేది. 2021 జూన్ 1 నుంచి ప్రతి కొత్త ఫొటోనూ ఖాతాకు ఇచ్చే 15 జీబీ లెక్కలో కలపడం మొదలుపెట్టింది. అదే ఏడాది మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ సంస్థకు చెందిన ఒక డేటా సెంటర్ భవనం అగ్నిప్రమాదంలో పూర్తిగా కాలిపోయింది. మరోచోట రెండో నకలు పెట్టుకోని ఖాతాదారులు తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు.

ఇలాంటివి విన్నప్పుడు ఫైళ్లేవో ఇంట్లోనే ఉంచుకుంటే పోలా అనిపించడం సహజం. ఆ పని ఇప్పుడు పెద్ద ఖర్చు లేకుండానే సాధ్యం. ఒక చిన్న సింగిల్ బోర్డ్ కంప్యూటర్, ఒక డిస్కు, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఒక పూట పడుతుంది. కానీ ఆ పూటతో డేటా సెంటర్ వాళ్లు చేసే పనులన్నీ ఆ ఇంటివాళ్ల నెత్తిన పడతాయి. కరెంటు పోతే చూసుకోవాలి, డిస్కు పాడైతే చూసుకోవాలి, బయటివాళ్లు చొరబడకుండా కాపలా కాయాలి, రెండో నకలు తీసి పెట్టాలి. పెద్ద సంస్థ దగ్గర ఉంది కాబట్టి భద్రం అనుకోవడం ఎంత పొరపాటో, ఇంట్లో ఉంది కాబట్టి భద్రం అనుకోవడమూ అంతే పొరపాటు. అందుకే ఈ పాఠంలో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం కంటే దాని చుట్టూ ఉన్న పనులకే ఎక్కువ చోటు దక్కుతుంది.

నెక్స్ట్‌క్లౌడ్ ఎలా పనిచేస్తుంది?

జర్మనీకి చెందిన ఫ్రాంక్ కార్లిట్‌షెక్ 2010లో ఓన్‌క్లౌడ్ అనే ప్రాజెక్టును ప్రారంభించారు. 2016 జూన్‌లో ఆయనా, మరికొందరు సహచరులూ విడిపోయి, అదే కోడ్ ఆధారంగా నెక్స్ట్‌క్లౌడ్‌ను మొదలుపెట్టారు. దీని మూల కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫైళ్లు, ఫొటోలు దాచుకోవడంతో పాటు ఫోన్‌లోని కాంటాక్టులు, క్యాలెండర్ కూడా దీనితో సరిచూసుకోవచ్చు. ఫోన్లకూ కంప్యూటర్లకూ దీని యాప్‌లు ఉన్నాయి.

లోపల జరిగేది గ్రంథాలయం పద్ధతే. పుస్తకాలు బీరువాల్లో ఉంటాయి, ఏ పుస్తకం ఎక్కడుందో రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. నెక్స్ట్‌క్లౌడ్‌లో ఫైళ్లు డిస్కు మీద మామూలు ఫైళ్లుగానే ఉంటాయి. వాటి జాబితా, ఎవరు ఎవరితో పంచుకున్నారు అన్న వివరాలు మారియాడీబీ లాంటి డేటాబేస్‌లో ఉంటాయి. పీహెచ్‌పీ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఈ రెంటినీ చూసుకుంటుంది. అపాచీ వంటి వెబ్ సర్వర్ దాన్ని బ్రౌజర్‌కు, ఫోన్‌కు అందిస్తుంది. ఈ ఏర్పాటు అర్థమైతే కొత్తవాళ్లను తికమక పెట్టే ఒక సంగతి తేలిగ్గా తెలుస్తుంది. పాత ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా డిస్కులోని ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే అవి తెరమీద కనిపించవు. పుస్తకాలు బీరువాలో పెట్టారు గానీ రిజిస్టర్‌లో ఎక్కించలేదు. ఓసీసీ అనే నిర్వహణ కమాండ్‌తో ఫైళ్లను స్కాన్ చేయమని చెబితే అప్పుడు జాబితాలోకి ఎక్కుతాయి.

బోర్డు, డిస్కు, కరెంటు

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్ కేంద్రంగా ఉన్న రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ 2012 ఫిబ్రవరిలో తొలి బోర్డును విడుదల చేసింది. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం దాని ఉద్దేశం. తెలుగులో 'పై' అనగానే మీద అన్న అర్థమే ముందు తోస్తుంది కాబట్టి దీన్ని పై బోర్డు అంటే గందరగోళం ఉండదు. మొదటి తరాల బోర్డుల్లో నెట్‌వర్కుకూ యూఎస్‌బీకీ లోపల ఒకటే ఇరుకు దారి ఉండేది. నెట్‌వర్కు నుంచి వచ్చిన ఫైలు మళ్లీ అదే దారిలో డిస్కుకు వెళ్లాల్సి రావడంతో పని నత్తనడక నడిచేది. 2019 జూన్‌లో వచ్చిన నాలుగో తరం బోర్డులో పూర్తి గిగాబిట్ ఈథర్నెట్, యూఎస్‌బీ 3 వేర్వేరుగా వచ్చాయి. ఇంటి క్లౌడ్‌కు ఈ బోర్డు నిజంగా పనికొచ్చింది అప్పటి నుంచే. 2023లో వచ్చిన ఐదో తరం ఇంకా వేగవంతమైనది. ఒక కుటుంబానికి నాలుగో తరం, 4 జీబీ ర్యామ్ ఉన్న బోర్డు సరిపోతుంది. 512 ఎంబీ ర్యామ్ ఉన్న చిన్న మోడళ్లతో ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

బోర్డు, ఎస్ఎస్‌డీ కలిసి సుమారు 7 వాట్లు తీసుకుంటాయనుకుంటే రోజుకు 168 వాట్-గంటలు. నెలంతా ఆపకుండా నడిపినా 5 యూనిట్ల కరెంటు.

ఇక డిస్కు. పై బోర్డు మైక్రో ఎస్‌డీ కార్డుతో నడుస్తుంది కదా అని ఫైళ్లు కూడా దానిమీదే పెట్టేవాళ్లు ఉన్నారు. ఇది మొదట్లోనే మానుకోవాల్సిన పని. కార్డులోని ఫ్లాష్ మెమరీలో సమాచారాన్ని చిన్న పేజీలుగా రాస్తారు గానీ, చెరపడం మాత్రం పెద్ద బ్లాకులుగానే జరుగుతుంది. ఒక్క చిన్న మార్పు కోసం కూడా ఒక్కోసారి చుట్టూ ఉన్న సమాచారాన్ని వేరేచోటికి తరలించి, బ్లాకు మొత్తం చెరిపి రాయాల్సి వస్తుంది. ప్రతి బ్లాకూ ఇన్నిసార్లే చెరపడానికి పనికొస్తుంది. నెక్స్ట్‌క్లౌడ్ డేటాబేస్ ఎవరూ వాడకపోయినా రోజంతా చిన్న చిన్న రాతలు రాస్తూనే ఉంటుంది. కెమెరా కోసం తయారైన కార్డు దీన్ని ఎక్కువ కాలం తట్టుకోదు. పైగా అలా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఒక్క ఫైలే కాదు, దానితో పాటు కదులుతున్న వేరే సమాచారం కూడా చెడిపోవచ్చు. యూఎస్‌బీ 3 కి తగిలించే ఎస్ఎస్‌డీ మీద ఫైళ్లు, డేటాబేస్ రెండూ పెట్టడం సరైన పద్ధతి. వీలైతే ఆపరేటింగ్ సిస్టం కూడా అక్కడే ఉంచాలి.

పనిచేయని ఇంటి క్లౌడ్‌లలో చాలావాటికి అసలు జబ్బు సాఫ్ట్‌వేర్‌లో ఉండదు, చార్జర్‌లో ఉంటుంది. నాలుగో తరం బోర్డుకు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు, ఐదో తరానికి 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. ఇంట్లో మూలన పడున్న ఫోన్ చార్జర్‌తో బోర్డు వెలుగుతుంది, కొన్ని గంటలు నడుస్తుంది కూడా. పెద్ద ఫైలు రాగానే డిస్కు ఎక్కువ కరెంటు అడుగుతుంది, వోల్టేజి పడిపోతుంది, డిస్కు ఉన్నట్టుండి మాయమవుతుంది. తెర తగిలించి ఉంటే మూలన మెరుపు గుర్తు కనిపిస్తుంది; అది తక్కువ వోల్టేజి హెచ్చరిక. నాలుగో తరం బోర్డు తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి ఇవ్వగలిగింది 1.2 ఆంపియర్లే. తిరిగే పళ్లేలున్న పాత పోర్టబుల్ హార్డ్ డిస్క్ వాడాలంటే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ తప్పనిసరి.

కరెంటు కోతల సంగతి మన ఇళ్లకు కొత్త కాదు. ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయి అది అందుకునే లోపు ఉండే రెప్పపాటు విరామానికి బోర్డు రీస్టార్ట్ కావచ్చు. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని ఆ మోడ్‌లో ఉంచాలి. లేదంటే రౌటర్‌కూ బోర్డుకూ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి.

ఎక్కించే పూట

ముందుగా మరో కంప్యూటర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రామ్‌తో 64 బిట్ ఆపరేటింగ్ సిస్టంను కార్డు మీదికి లేదా ఎస్ఎస్‌డీ మీదికి రాయాలి. తెర అవసరం లేని లైట్ రకం చాలు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అక్కడే పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్‌కు ముందు ప్రతి బోర్డూ ప్రపంచమంతటికీ తెలిసిన ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో వచ్చేది. ఇంటర్నెట్‌లో అలాంటి బోర్డుల కోసం వెతికే ప్రోగ్రామ్‌లు ఉండేవి కాబట్టే ఆ అలవాటు తీసేశారు. పాత పుస్తకాల్లో, వీడియోల్లో అదే పాస్‌వర్డ్ ఇంకా కనిపిస్తుంది. దాన్ని మళ్లీ పెట్టుకోకూడదు.

ఆ తర్వాత మూడు దారులు ఉన్నాయి. మొదటిది అన్నీ ముందే అమర్చి ఇచ్చే నెక్స్ట్‌క్లౌడ్‌పై. రెండోది నెక్స్ట్‌క్లౌడ్ సంస్థే డాకర్ రూపంలో ఇచ్చే ఆల్ ఇన్ వన్ కూర్పు. దీనికి సాధారణంగా సొంత డొమైన్ పేరు ఉండాలి. మూడోది వెబ్ సర్వర్, డేటాబేస్, పీహెచ్‌పీ, నెక్స్ట్‌క్లౌడ్ ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కించుకోవడం. నేర్చుకునే విద్యార్థులకు మూడోదే మేలు, ఎందుకంటే ఏదైనా చెడినప్పుడు ఎక్కడ చెడిందో తెలుస్తుంది. ఇంటి అవసరమే ముఖ్యమైతే మొదటి రెండూ శ్రమ తగ్గిస్తాయి. కమాండ్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నదున్నట్టు టైపు చేయాలి. వాటి పూర్తి పాఠం నెక్స్ట్‌క్లౌడ్ నిర్వాహకుల మాన్యువల్‌లో ఉంటుంది.

చేత్తో ఎక్కించేవాళ్లు తప్పటడుగు వేసేది ఎక్కువగా రెండు మూడు చోట్లే. ఒకటి, డిస్కు ఫార్మాట్. విండోస్‌లో వాడిన డిస్కు ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటుంది. ఏ ఫైలును ఎవరు చదవాలి, ఎవరు రాయాలి అన్న లినక్స్ అనుమతులు ఎక్స్‌ఫ్యాట్‌లో నిలవవు. నెక్స్ట్‌క్లౌడ్ తన ఫోల్డర్‌ను ఇతరులు చదవకుండా అనుమతులు ఉన్నాయో లేదో చూస్తుంది, లేకపోతే ముందుకు సాగదు. అందువల్ల డిస్కును ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి; అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందు వాటిని వేరేచోటికి తీసుకోవాలి. ఫోల్డర్ యాజమాన్యాన్ని వెబ్ సర్వర్ పేరిట మార్చాలి. సర్వర్ ప్రోగ్రామ్ ఉన్న చోట కాకుండా వేరే ఫోల్డర్‌లో ఫైళ్లు పెట్టాలి. అలా చేస్తే సర్వర్ అమరికలో పొరపాటు దొర్లినా ఎవరూ బ్రౌజర్ నుంచి వాటిని నేరుగా తెరవలేరు.

రెండోది, బోర్డు మొదలైన ప్రతిసారీ డిస్కు దానంతటదే అదే చోట తగులుకోవాలి. ఇందుకు డిస్కుకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యను సిస్టం పట్టికలో రాయాలి. ఇది మరిచిపోతే ఏమవుతుంది? రీస్టార్ట్ తర్వాత డిస్కు తగులుకోదు, దాని స్థానంలో ఖాళీ ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని చూసి సాఫ్ట్‌వేర్ ఫైళ్లన్నీ పోయాయనుకుంటే, ఆ తొలగింపే అన్ని కంప్యూటర్లకూ పాకే ప్రమాదం ఉంది. దీన్ని ఊహించే నెక్స్ట్‌క్లౌడ్ తన డేటా ఫోల్డర్‌లో ఒక చిన్న దాపుడు ఫైలు పెట్టుకుంటుంది. ఆ ఫైలు కనబడకపోతే డేటా ఫోల్డర్ సరైనది కాదని చెప్పి ఆగిపోతుంది. ఆ సందేశం చూసి విసుగుతో ఖాళీ ఫోల్డర్‌లో అదే పేరుతో ఫైలు సృష్టించేవాళ్లు ఉన్నారు. కాపలా కుక్క అరుస్తోందని దాన్ని కట్టేయడం లాంటిది అది. ముందు డిస్కు తగులుకుందో లేదో చూడాలి.

ఇక చిన్నవి. పీహెచ్‌పీకి మామూలుగా ఇచ్చే మెమరీ పరిమితి 128 ఎంబీ. దాన్ని 512 ఎంబీకి పెంచాలి. నేపథ్య పనుల కోసం క్రాన్ అనే షెడ్యూలర్‌ను ప్రతి 5 నిమిషాలకు నడిచేలా అమర్చాలి. మొదటి రోజు వేల ఫొటోలు ఎక్కించి అప్పుడే ఆల్బం తెరిస్తే, ప్రతి ఫొటోకూ చిన్న బొమ్మ తయారు చేయడంలో బోర్డు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. రాత్రంతా వదిలేస్తే సర్దుకుంటుంది.

తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. లినక్స్ ఫైలు పేరుకు 255 బైట్ల పరిమితి ఉంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి గుర్తుకూ 3 బైట్లు పడతాయి. అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'లక్ష్మి' అన్న పేరు కంటికి రెండక్షరాలే, లోపల 7 గుర్తులు, 21 బైట్లు. అంటే తెలుగు పేరుకు 85 గుర్తులకు మించి చోటు లేదు. విండోస్ లెక్క వేరు. అక్కడ ఇంకా పొడవైన తెలుగు పేర్లు కూడా చెల్లుతాయి. అక్కడ 'పెద్దక్క కూతురి పెళ్లి' అని మొదలై ఊరు, తేదీ, ఫొటోగ్రాఫర్ పేరు వరకు సాగిన ఫైలు పేరు పై బోర్డు దగ్గరికి వచ్చేసరికి తిరస్కరణకు గురవుతుంది. పేర్లు కురచగా పెట్టడమే మార్గం.

ఇంటి బయటి నుంచి చేరడం

ఇంటి వై-ఫైలో అంతా చక్కగా పనిచేశాక, ఆఫీసు నుంచి లేదా ఊరి నుంచి తెరిస్తే ఏమీ రాదు. దీనికి కారణం ఐపీవీ4 చిరునామాల కొరత. 32 బిట్ల చిరునామాలు మొత్తం 429 కోట్లే. అందుకే చాలామంది ఇంటర్నెట్ సేవాదారులు వందల ఇళ్లకు కలిపి ఒకే బహిరంగ చిరునామా ఇస్తారు. దీన్ని సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి గేటు దగ్గర ఒకటే తపాలా పెట్టె ఉన్నట్టు. లోపలి నుంచి ఉత్తరాలు పంపవచ్చు, వాటికి జవాబులూ వస్తాయి. బయటివాళ్లు ముందుగా ఫలానా ఫ్లాటుకు అని పంపలేరు. రౌటర్ పేజీలో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాట్ అని తెలుసుకోవచ్చు. అప్పుడు రౌటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా ప్రయోజనం ఉండదు.

సేవాదారుకు అదనంగా చెల్లించి స్థిర చిరునామా తీసుకోవచ్చు. ఐపీవీ6 వాడకంలో భారత్ ప్రపంచంలో ముందువరుసలో ఉంది కాబట్టి ఆ దారి కూడా చాలా ఇళ్లకు ఉంది. అయితే కుటుంబ అవసరానికి వీటన్నిటికంటే వీపీఎన్ మేలు. 2020 మార్చిలో లినక్స్ కెర్నల్‌లో చేరిన వైర్‌గార్డ్ ఇందుకు తేలికైన సాధనం. దాని ఆధారంగా పనిచేసే టెయిల్‌స్కేల్ వంటి సేవలు సీజీనాట్ వెనక ఉన్న బోర్డును కూడా ఫోన్‌తో కలపగలవు. ఈ పద్ధతిలో క్లౌడ్ పేజీ కుటుంబ సభ్యుల పరికరాలకు తప్ప ప్రపంచానికి కనిపించదు.

కనిపించకపోవడం ఎందుకంత ముఖ్యమో 2019లో తేలింది. ఆ అక్టోబరులో ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌తో కలిపి నడిపే పీహెచ్‌పీ భాగంలో తీవ్రమైన లోపం బయటపడింది. దిద్దుబాటు విడుదలైంది, నెక్స్ట్‌క్లౌడ్ కూడా తన వాడుకదారులను హెచ్చరించింది. అయినా అప్‌డేట్ చేయని సర్వర్లు మిగిలిపోయాయి. నవంబరులో నెక్స్ట్‌క్రై అనే ర్యాన్సమ్‌వేర్ నెక్స్ట్‌క్లౌడ్ సర్వర్లలోని ఫైళ్లను తాళం వేసి బిట్‌కాయిన్ రూపంలో డబ్బు అడిగింది. బహిరంగంగా పెట్టక తప్పనివాళ్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్‌తో హెచ్‌టీటీపీఎస్ అమర్చుకోవాలి. దాని గడువు 90 రోజులే కనుక దానంతటదే కొత్తదయ్యే ఏర్పాటు ఉండాలి. ప్రతి ఖాతాకూ ఫోన్‌లో వచ్చే ఆరంకెల కోడ్‌తో రెండంచెల తాళం ఉండాలి. అప్‌డేట్లు వాయిదా వేయకూడదు. ఏళ్లతరబడి వదిలేస్తే ఇంకో చిక్కుంది. నెక్స్ట్‌క్లౌడ్‌లో ఒక పెద్ద వెర్షన్ దాటేసి ఆపై దానికి నేరుగా వెళ్లడం కుదరదు, మెట్టు మెట్టుగా ఎక్కాల్సిందే.

వేగం విషయంలో కూడా ఒక లెక్క గుర్తుంచుకోవాలి. బయటి నుంచి ఫైలు దింపుకునేటప్పుడు అవసరమయ్యేది ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ వేగం. అది 100 ఎంబీపీఎస్ అయితే 50 జీబీ ఫొటోలు దాదాపు 67 నిమిషాల్లో వస్తాయి. 10 ఎంబీపీఎస్ అయితే పదకొండు గంటలు పడుతుంది.

రెండో నకలు

సింక్ అంటే బ్యాకప్ కాదు. లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ పొరపాటున తొలగిస్తే అది సర్వర్‌లో, మిగతా కంప్యూటర్లలో కూడా పోతుంది. ర్యాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైలు సింక్ ప్రోగ్రామ్ కంటికి కొత్తగా మారిన ఫైలు మాత్రమే. శ్రద్ధగా అన్ని పరికరాలకూ చేరవేస్తుంది. నెక్స్ట్‌క్లౌడ్ చెత్తబుట్ట మామూలు అమరికలో 30 రోజులు ఆదుకుంటుంది, డిస్కే పోతే అదీ ఉండదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడికీ సరిపోతుంది: మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఇంట్లో రెండో డిస్కు, అన్నయ్య ఇంట్లోనో అత్తగారి ఊళ్లోనో మూడోది పెట్టుకోవచ్చు. పండక్కి వెళ్లినప్పుడల్లా డిస్కు మార్చుకుంటే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

నకలు తీసేటప్పుడు ఫైళ్లొక్కటే తీస్తే చాలదు. డేటాబేస్, కాన్ఫిగ్ ఫోల్డర్ కూడా కలిసి ఉండాలి. లేకపోతే పుస్తకాలు మిగిలి రిజిస్టర్ పోయినట్టే. ఒకపక్క ఫైళ్లు మారుతుండగా నకలు తీస్తే జాబితా ఒకటి, ఫైళ్లు ఒకటి అవుతాయి. కాబట్టి ముందు మెయింటెనెన్స్ మోడ్ పెట్టి, పని అయ్యాక తీసేయాలి. సర్వర్ వైపు ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లు తాళాలను కూడా నకలు తీయాలి, అవి లేని నకలు చదవడానికి పనికిరాదు.

ఇంటి ఫొటోలకు వర్తించే మాట బడికో, చిన్న క్లినిక్‌కో అలాగే వర్తించదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తిగత, గృహ అవసరాలకు వాడే సమాచారాన్ని మినహాయించింది. విద్యార్థుల వివరాలో, రోగుల రిపోర్టులో పై బోర్డు మీద పెట్టే సంస్థకు ఆ మినహాయింపు లేదు.

ఇంట్లో ఈ వ్యవస్థ సాధారణంగా ఒక్కరికే తెలుస్తుంది. ఆ ఒక్కరూ ఊళ్లో లేనప్పుడో, మంచాన పడ్డప్పుడో మిగతావాళ్లు ఏం చేయాలన్నది ముందే తేలాలి. సర్వర్ వైపు ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే డేటా ఫోల్డర్‌లో ఒక్కొక్కరి పేరుతో ఫోల్డర్లు, వాటిలో మామూలు ఫొటోలే ఉంటాయి. డిస్కు ఊడదీసి లినక్స్ ఉన్న ఏ కంప్యూటర్‌కు తగిలించినా కనిపిస్తాయి. విండోస్ కంప్యూటర్ మాత్రం ఎక్స్‌ట్4 డిస్కును చూసి ఫార్మాట్ చేయమంటారా అని అడగవచ్చు. వద్దని చెప్పాలన్న సంగతి ఒక కాగితం మీద తెలుగులో రాసి, పాస్‌వర్డ్‌లతో పాటు ఇంటి పత్రాలున్న బీరువాలో పెట్టాలి.

ఆ కాగితం రాసిన రోజే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఖాళీ డిస్కు ఒకటి తీసుకుని, కేవలం బ్యాకప్ నుంచి మొత్తం వ్యవస్థను మళ్లీ నిలబెట్టాలి. ఆ పని చేసేది రోజూ చూసుకునే మనిషి కాకుండా, కాగితం చదివి చేసే మరొకరైతే ఇంకా మంచిది. మూడేళ్ల కిందటి ఒక ఆల్బం తెరిచి, పాత డిస్కులో ఎన్ని ఫొటోలు ఉన్నాయో కొత్తదానిలోనూ అన్నే ఉన్నాయో లెక్కపెట్టాలి.